అక్షరానికో పూట

నరంహో వీధి అంటే నారింజ వీధి.
నాకు బుద్ధి తెలిశాక
ఒక్క నారింజ చెట్టునీ చూడలేదిక్కడ.
పైన పేరొకటి, లోపల సరుకొకటి.
ఆ సంగతి నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది,
మెక్సికో నగరంలో ఈ పేటలో
బోర్డులు రాసి బతికేవాణ్ణి.

నలభై ఏడో నంబరు గుమ్మం.
దాని నెత్తిమీదే నాలుగుసార్లు రాశాను.

మొదటిసారి, భూకంపం వచ్చిపోయిన మరుసటేడు.
గోడ పగులింకా పూడ్చనేలేదు,
దోన్యా ఎఫిహేనియా పూటకూళ్ళు పెట్టింది.
"ఎల్ కుచరోన్" అని రాయమంది, పెద్ద గరిటె అని.
డబ్బుల్లేవంది.
అక్షరానికో భోజనం అన్నాను.
వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది: పది.
ఆఖర్న ఓ నెత్తిన గీతుంది, దాని సంగతేమిటన్నాను.
"దానికో గిన్నె సూపు.
ఇంక నోర్మూసుకుని నిచ్చెనెక్కు."

ఒంటిగంటయ్యేసరికి
ప్రెస్సులో అచ్చులు కూర్చేవాళ్ళు, తాళాలు చేసేవాళ్ళు,
వేళ్ళ సందుల్లో సిరాతో, రాగి పొడితో.
ముందు సూపు, వెనక అన్నం,
పచ్చిమిరప పులుసులో ఉడికిన పందిమాంసం,
గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలు,
గాజు జాడీ నిండా
ఎర్ర గోంగూర పూల పానకం.
కూర కుదరకపోతే ఎవరూ అనేవాళ్ళు కాదు,
ఉప్పడిగేవాళ్ళు.
ఆమె గిర్రున వెనక్కి తిరిగేది.
గోడకి మేకు, మేకుకి అరువు పుస్తకం,
పదిహేనో తారీఖున అందులో అన్నీ కొట్టివేతలే.

తర్వాత ఒక ప్రెస్సు మూతబడింది. తర్వాత రెండోది.
రెండున్నరకే కుర్చీలు
బల్లలమీద కాళ్ళు పైకెత్తి పడుకునేవి.
పుస్తకంలో కొట్టెయ్యని పేర్లు మిగిలాయి.
ఆమె పుస్తకాన్నే కొట్టేసింది.

వెరాక్రూస్ నుంచి దంపతులొచ్చి
రొయ్యలు పెట్టారు, నత్తలు పెట్టారు,
నీలిరంగు మీద పీత వెయ్యమన్నారు.
సముద్రం మొహం చూసినవాణ్ణా నేను?
తొమ్మిది కాళ్ళు వేశాను.
రెండేళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు.
వానల్లో మూడ్రోజులు కరెంటు పోయింది,
నాలుగోరోజు వీధంతా ముక్కు మూసుకుంది.

మూడోవాడు ఇకేర్, కాఫీ కుర్రాడు.
పేరు కనపడీ కనపడనట్టు రాయమన్నాడు,
గోడంతా తెలుపు, మూలన చీమంత అక్షరాలు.
ఒక కప్పు ఖరీదుకి
ఎఫిహేనియా దగ్గర ముగ్గురు తినేవాళ్ళు.
వాణ్ణి తిట్టుకుందామని చాలా ప్రయత్నించాను.
కానీ రాత్రి పదకొండింటికి కప్పులు వాడే కడిగేవాడు,
ఆదివారాలు వాళ్ళమ్మ గల్లాలో కూచునేది.
పై గదులు విదేశీయులకి రోజువారీ ఇచ్చుకుంటూ
ఇంటివాడు కింద అద్దె రెట్టింపు చేశాడు.
దించిన షట్టర్‌కి వీపానించి కూచున్నాడు కుర్రాడు.
సిగరెట్ ఇచ్చాను. తాగడం రాదు, దగ్గాడు.

మొన్న టేపు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది, కంపెనీ తరఫున.
"పాతకాలపు పూటకూళ్ళిల్లులా ఉండాలి,
నలభై ఏళ్ళు ఎండిన రంగులా, వానకి తడిసినట్టు,"
ఫోనులో ఫొటో చూపించింది.
వంకర ఓ, దాని నెత్తిన నా గీత.
"ఇలా రాసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరట," అంది.
అవునన్నాను.
డబ్బు బ్యాంకులో పడింది, చాలా పడింది.
తీసుకున్నాను, అబద్ధమెందుకు.
గరుకు కాగితం పెట్టి రుద్దితే
తెలుపు రాలింది, నీలం రాలింది, పీత కాలొకటి రాలింది,
అడుగున నా ఎరుపే నాకు ఎదురొచ్చింది.
దానిమీదే రాసేశాను
కొత్త పాతని.

తెల్లారి ఆరింటికి మెట్రో మెట్ల దగ్గర
మూడు చక్రాల బండి, పొగలు కక్కే డేగిసా,
వెనక ఎనభై ఏళ్ళ ఎఫిహేనియా.
బోర్డు లేదు.
రాసిపెట్టనా అన్నాను.
"ఆవిరి కనపట్టంలేదూ నీకు?"
ఒక్కమాటే, తమాలెస్ అని, అన్నాను.
అప్పటికే వేళ్ళు ముడుస్తోంది: ఏడు.
మూత కొంచెం తెరిచి, అనుమానంగా నావైపు చూసి,
"దీనికి నెత్తిన గీత లేదు కదా?"