తూము గది కిటికీలో సీసాలు

తూము గది కిటికీలో పదకొండు సీసాలు.
క్వార్టర్ సీసాలు, దగ్గుమందు సీసాలు, ఒక హార్లిక్స్ సీసా.
ఒక్కోదానికి అన్నం మెతుకుతో అంటించిన కాగితం,
కాగితం మీద తారీఖు.
లస్కరు బుడే సాహెబ్ అక్షరాలు
కట్టెక్కే మేకల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"కట్టన్నాక చెమట పడతదమ్మా.
చెమటకి భయపడకూడదు. రంగు చూడాల."

ఫిరంగిపురం అవతల, మిరపచేల మధ్య
మూడు నిలువుల మట్టికట్ట.
దాని కడుపులోంచి తూము గొట్టం,
నేను పుట్టకముందు పూడ్చింది.
గొట్టం పక్కన, కట్ట పాదం దగ్గర
ఏడాది పొడుగునా చాపెడు తడి,
తుంగ మొలిచే చోటు.

సెప్టెంబరు మూడు: నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.
తొమ్మిది: అంతే.
పదహారు: అడుగున కాటుక గీతంత.
ఇరవై రెండు: నా చిటికెనవేలు మందం నల్లరేగడి.

"ఇది చెమట కాదు," అన్నాడు.
"లోపల్నించి ఎవురో చెంచా పెట్టి తింటన్నారు."

పోయిన జూన్‌లో ఈ కట్ట తనిఖీ చేసింది నేనే.
జీపు దిగి, పైనే నిలబడి,
ఎండకి ఫైలు నెత్తిన పెట్టుకుని
'తూము: సంతృప్తికరం' అని రాసింది నేనే.
కిందికి దిగలేదు. చెప్పులు కొత్తవి.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.
ఆయనా అడగలేదు,
సీసాలు వరసగా వెలుతురుకి జరిపి ఊరుకున్నాడు.

విజయవాడ నుంచి కెమెరా వచ్చింది.
తలుపు దించి గొట్టం ఖాళీ చేస్తే
నాలుగు చక్రాల బొమ్మబండి దీపం వేసుకుని లోపలికి పోయింది.
ఒకటో అతుకు. రెండో అతుకు.
కళ్లు నిక్కించి ఒక పీత.
నాలుగో అతుకు దగ్గర గొట్టం గొట్టాన్ని వదిలేసింది,
మాటల్లేని తోడికోడళ్లలా
అటొకటి, ఇటొకటి, నడుమ బెత్తెడు చీకటి.
ఆ సందులో తుమ్మవేరు.
వేరు వెంట చుక్క, చుక్క వెంట మట్టి.
జూన్‌లో నా జీపు ఆగింది
ఆ తుమ్మచెట్టు నీడలోనే.

సాయంత్రానికి కుర్రాళ్లు సిమెంటు బస్తాలతో వచ్చారు,
బెజ్జం మూసేద్దామని.
బుడే సాహెబ్ పంచె ఎగ్గట్టి తడిలో నిలబడ్డాడు.
"నోరు మూస్తే కడుపు చీల్చుకుని వస్తది.
నీళ్లని పోనీండి. మట్టిని ఆపండి."
అదే మాట మా పుస్తకంలో నలభై పేజీలుంది.

చెరువుని రైతుల డీజిలింజన్లతో తోడాం
రోజుకి జానెడు, అంతకు మించొద్దన్నాను,
తడిసిన వాలు తొందరని ఓర్చుకోదు.
కట్ట పాదానికి ఇసుక, ఇసుక మీద చిప్స్, ఆ పైన కంకర.
మోయడానికి గోతాలు గుంటూరు మిర్చియార్డువి.
ట్రాక్టరు లైట్లలో, నడిరాత్రి,
ముప్పైమందిమీ ఒకటే తుమ్ములు.
తుమ్మితే కాసేపాగి కదలాలంటుంది
కౌలుకి చేస్తున్న పేరమ్మ.
అలా ఆగితే తెల్లారేదాకా ఆగాల్సిందే.
ముందు తనే తుమ్మింది,
ముక్కు కొంగుతో తుడుచుకుని
గోతాం ఎత్తుకుంది.

పాత గొట్టంలో కొత్త గొట్టం దూర్చి
చుట్టూ సిమెంటు పాలు పోయాలి.
వేసవి పని. టెండరు ఇంకా తేలలేదు.
తుమ్మచెట్టుకీ ఓ ఫైలుంది.

ఇవాళ తెల్లవారుజామున నేనే దిగాను.
బురద మడమల దాకా.
కంకర సందుల్లోంచి వస్తున్న దాన్ని
సీసాకి పట్టి, మెతుకు నలిపి కాగితం అంటించాను.
బుడే సాహెబ్ ఎత్తి సూర్యుడికి అడ్డం పెట్టాడు.
చాలాసేపు చూశాడు.
"ఇప్పుడే చెప్పలేం. తేరనీ," అన్నాడు.

కాగితం మీద తారీఖు ఒక్కటే రాశాను.
పక్కన ఇంకో సీసా,
కడిగి, బోర్లించి ఉంది.