ఇరవయ్యేడో రోజు

టార్టు ఊళ్లో ఫిబ్రవరి.
నది గడ్డకట్టింది, దానిమీద కుక్కల్ని నడిపించుకుపోతున్నారు జనం.
ల్యాబ్ అలమారలో మాత్రం
ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీలే.

హెల్వె పని పురుగుల్ని లెక్కపెట్టడం.
పురుగంటే ఎంతని, అచ్చులో కామా అంత.
ఒకే తల్లి. తండ్రితో పనిలేని పుటక.
ఒకే మూసలో పోసిన నూట ఇరవై ప్రాణాలకి
అదే జెల్లీ, అదే తిండి, అదే చీకటి.
ప్లాటినం తీగ కొసతో మెల్లగా తాకుతుంది.
కదిలితే గీత.
కదలకపోతే ఇంకోసారి తాకుతుంది,
అప్పుడూ కదలకపోతే సున్నా.

తొమ్మిదో రోజే మొదటి సున్నా పడింది.
చుట్టూ తిండి పరిచింది పరిచినట్టే ఉంది,
నూకలు మాత్రం చెల్లిపోయాయి.
పదిహేనో రోజుకి పదకొండు. పద్దెనిమిదో రోజు
కాగితమంతా సున్నాలే, చినుకులు పడ్డ నీటిగుంటలా.
ఇరవయ్యేడో రోజుకి ఒక్కటి మిగిలింది.
పాకలేదు, తిననూ తినదు, తల ఊపుతుంది
ఎవరో పిలిస్తే "ఆఁ" అన్నట్టు.

"ఏం చేసిందని ఇది ఇన్నాళ్లు బతికింది?"
కొత్తగా చేరిన కుర్రాడు రాస్మస్ అడిగాడు.
ఏమీ చెయ్యలేదు.
పోయినేడు ఇలాంటి ముసలిదాని పిల్లల్నే
ముందే వేరుచేసి, పెంచి చూశారు.
వాటిలోనూ తొమ్మిదో రోజుకి ఒకటి పోయింది,
పద్దెనిమిదో రోజుకి సగం.
తల్లి ఆయుష్షు తల్లితోనే సరి,
పిల్లలకి అందరి లెక్కే.
గుడ్డులో ఎక్కడో ఓ అణువు
ఇటు ఒరగాల్సింది అటు ఒరిగుంటుంది, అంతే,
అంటారు ప్రొఫెసరు
ఆ "అంతే" దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

హెల్వెకి ఓ అక్క ఉండేది, పదకొండు నిమిషాలు పెద్ద.
ఒక్క అండమే రెండుగా చీలింది.
అదే రై రొట్టె, అదే దగ్గుమందు,
ఒకరి బూట్లు ఒకరు.
సిగరెట్లు తాగింది హెల్వె.
మంచుకి కన్నం కొట్టి చన్నీళ్లలో ఈదింది సల్మె.
నలభైమూడో ఏట, ఓ సోమవారం పొద్దున,
చెవిపోగు పెట్టుకుంటూ ఉంటే
సల్మె మెదడులో నరం చిట్లింది.
రెండో పోగు ఇంకా పాత సబ్బుపెట్టెలోనే ఉంది.

తనెందుకు, నేనెందుకు కాదు
అని పంతొమ్మిదేళ్లు అడిగింది హెల్వె,
పాస్టర్ని, డాక్టర్ని, రాత్రిపూట వంటింటి గోడని.
ఈ గీతలూ సున్నాల మధ్య కూర్చున్నాక
అవతల వినేవాళ్లే లేరేమో అనిపించింది.
కోపం రాలేదు.
కాస్త చలేసింది.

మొన్న శనివారం సంతలో
ఉప్పుచేపలమ్మే ముసలావిడ, చూపు సరిగ్గా ఆనక,
"సల్మే! ఎన్నాళ్లకి! బతికే ఉన్నావన్నమాట!" అంది.
హెల్వె దిద్దలేదు.
"ఆఁ" అంది.
అరకిలో తూయించుకుంది.
ఇంటికొచ్చి పొట్లం విప్పాక గుర్తొచ్చింది,
చేపలు తినేది తను కాదు.

ఇవాళ ఇరవయ్యెనిమిది.
రాస్మస్ ఇంకా రాలేదు.
హెల్వె తీగని మంటలో కాల్చి
చల్లారనిస్తోంది,
రోజూకంటే కాస్త ఎక్కువసేపు.