ఎత్తు

మొన్న రొయ్యల షెడ్డులో కాటా ఖాళీగా ఉంటే
మా జశ్వంత్‌ని తూచా సార్.
వాడు నిలబడలేడు గదా,
ఎత్తుకుని నేనెక్కా,
ఆనక లెక్కలోంచి నన్ను తీసేశా.
ఇరవై నాలుగు కిలోలు.
పదకొండేళ్లుగా చేస్తా ఉండే లెక్కే అది,
వాణ్ణి చూడాలంటే ముందు నన్ను తీసెయ్యాల.

జువ్వలదిన్నె నుంచి బిట్రగుంటకు ఆటో,
బిట్రగుంట నుంచి నెల్లూరికి ప్యాసింజరు.
రైలు మెట్టు నా మోకాలికి పైన.
పెద్దాసుపత్రిలో బోర్డు కూర్చునేది మేడ మీద.
లిఫ్టు ఉండాది.
లిఫ్టు మీద కాగితం ఉండాది.
కాగితం మీద దుమ్ము ఉండాది.
నలభై రెండు మెట్లు.
పైన డాక్టరు తలెత్తకుండా అడిగాడు,
"నడుస్తాడా?"
నా రొప్పు వినపడలేదేమో.

డెబ్బై అయిదు శాతం, తాత్కాలికం అని రాశాడు.
రెండేళ్లకు మళ్లీ చూపించాలంట,
ఈలోగా బాగైపోతే గవర్నమెంటుకు నష్టం గదా.

ఆన్‌లైన్‌లో ఎక్కించాలంటే వేలిముద్ర.
వాడి పిడికిలి తెరుచుకోదు,
పుట్టినప్పుడు మూసిందే.
సరే, తల్లివి, నువ్వు పెట్టమ్మా అన్నారు.
పన్నెండేళ్లు ఐసులో రొయ్య వలిచిన వేళ్లు,
గీతలు యాడుండాయి?
మిషను ఎర్రగా మెరిసింది, మళ్లీ ఎర్రగానే.
"చెయ్యి కడుక్కుని రా" అన్నాడు ఆ పిలగాడు.
కడుక్కుని కడుక్కునే గదా నాయనా పోయింది.

బండి ఇచ్చారు, అబద్ధం చెప్పకూడదు.
పెద్దోళ్ల బండి. కూర్చోబెడితే
గంపలో కవళ్ల మాదిరి జారిపోతాడు.
ఇప్పుడు దాని మీద మా అత్త ఎండుచేపలు ఆరబెడతా ఉండాది.
చక్రాలు బాగా తిరుగుతాయి,
నీడ పడితే ఎండలోకి తోస్తాది.

బడి హాజరు పట్టీలో వాడు రోజూ ఉండాడంట.
బడిలో ఒక్కరోజూ లేడు.
వాడి కోడిగుడ్డు ఎవురు తిన్నారో.
బోగోలులో సెంటరుండాది, దాని పేరు భవిత.
తాళానికి ఏం పేరు పెట్టారో తెలీదు.
ఫిజియో సారు మంచోడే,
మూడు మండలాలకు ఒక్కడు, ఒక మోటారుసైకిలు.
మావాడి కాలు పట్టుకుని సాగదీసేటప్పుడు
ఆయన చేతులే ఒణుకుతా ఉంటాయి,
ఆకలికో, ఎండకో.

కావలి కోర్టు ముందర పట్ట కింద
టైపు కొట్టే షంషాద్ అక్క
చట్టం చదివి వినిపించింది.
రెండువేల పదహారుది. ముప్ఫై ఒకటో సెక్షను.
ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చదువు,
రూపాయి లేకుండా, దగ్గర్లో బడిలో.
ఇంకోసారి చదవక్కా అన్నా.
మూడుసార్లు చదివింది.
దయ అనే మాట ఎక్కడన్నా వస్తాదేమోనని విన్నా.
రాలేదు.
ఇన్నేళ్లూ నేను వొంగి వొంగి అడిగింది
ముందే మాదై ఉండిందా?
సంతోషం రాలేదు సార్, కోపం కూడా రాలేదు.
నడుం నొప్పి తెలిసింది, మొదటిసారి.

అక్క అర్జీ మొదలుపెట్టింది, "తమరు దయతో" అని.
ఆ మాట తియ్యమన్నా.
"అది లేకపోతే చదువుతారంటావా మాలకొండమ్మా?"
"ఉన్నప్పుడు చదివారా?"
తెల్లరంగు పూసి, ఆరిందాకా ఊది,
దాని మీద వాడి పేరు కొట్టింది.
పామంజి జశ్వంత్.

ఈ సోమవారం ఇట్టా వచ్చా.
మీ ఆఫీసు ముందర ర్యాంపు ఉండాది,
దాని మీద స్కూటర్లు ఉండాయి.
ఎత్తుకునే ఎక్కా.
మీ ఫ్యాను గాలికి అర్జీ లేస్తా ఉంటే
వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని
వాడి చెయ్యి తీసి దాని మీద పెట్టా.
చదవండి, తొందరేం లేదు,
మా రైలు సాయంత్రానికి.
ఆ పిడికిలి తెరవమని మాత్రం అడగొద్దు సార్,
తెరిస్తే కాగితం ఎగిరిపోతాది.