ఖాళీ బరువు

నా పేరు బక్కమ్మ.
నవ్వుండ్రి, ఏం కాదు,
మిల్లుకు వడ్లు తెచ్చే డ్రైవర్లందరు నవ్వినోళ్లే.
నాయనమ్మ పేరు వెట్టిండ్రు నాకు,
ఆమె నిజంగనే బక్కది.

మిర్యాలగూడ బైపాసు మీద వేబ్రిడ్జి.
పన్నెండేండ్ల సంది ఇదే అద్దాల గది,
గోడకు ఇవే ఎర్రంకెలు.
లోడుతోని ఒకపారి, దించినంక ఒకపారి,
నడుమ తేడానే నికరం.
చీటీ చింపి ఇస్త, బండి పోతది.

ఒంటిగంటకు సైదులు, నేను టిఫిన్లు ఇప్పుతం.
అన్నం, గోంగూర తొక్కు, పొద్దటి పప్పు,
ఇద్దరియి ఒక్కతీరే.
సగంల ఆగుతడు సైదులు.
లోపలికెల్లి ఎవలో పిలిచినట్టు తల లేపి
"సాలు" అంటడు, మూత వెడ్తడు.
డబ్బల ఇంక నాలుగు బుక్కలు ఉండంగనే!
నేను ఆ మూత దిక్కే చూస్త.
నన్నెవలు పిలువరు.
పిలుస్తరు గని, చెయ్యి కడిగి
రెండు లారీలు తూచినంక,
బస్సు పోయినంక కొట్టిన గంట లెక్క.

పెండ్లి బంతిల సూడుండ్రి,
వడ్డించెటోడు గరిటె వంచంగనే
ఆకు మీద అడ్డం వెడ్తరు చెయ్యి,
ఎంత అలకగ, ఈగను కొట్టినట్టు.
ఆ చెయ్యి లేపుడు ఎవలు నేర్పిండ్రో.
చెల్లె పారిజాత, నేను ఒక్క కంచంల తిన్నోళ్లమే.
ఆమె ఆడుకోను ఉరికేది,
నేను కంచం అంచు ఏలుతోని గీకేదాన్ని.
"దీని నోరు కట్టేటోడు లేడు" అనేది అమ్మ,
ముద్దుగనే అనేది అప్పట్ల.

నల్లగొండల పెద్ద డాక్టరు నా దిక్కు సూడకుంటనే
నోరు కట్టుకో అన్నడు.
కట్టిన. తొమ్మిది నెలలు కట్టిన.
పద్నాలుగు కిలోలు పోయినయి, ఆకలి పోలే.
పోయిన కిలోలను ఎతుక్కుంట
రాత్రి రెండింటికి వంటింట్ల తిరిగేది అది,
దూడ తప్పిపోయిన బర్రె లెక్క.

మొన్న ఒక చిన్న డాక్టరమ్మ
కుర్చీ దగ్గరికి జరుపుకొని చెప్పింది:
నిండిందని పేగులు కబురు వంపుతయంట,
కొవ్వు సుత ఒక కబురు వంపుతదంట,
కొందరి తలకాయకు జెప్పన అందుతది,
కొందరికి ఆలస్యం.
నాకు ఎడమ కాల్వ మీది లష్కర్ యాదికొచ్చిండు.
మడి నిండిందని కేకేస్తే తూము దించాలె.
కేకే ఇనవడకపోతే
నీళ్లదేం తప్పు, మడిదేం తప్పు?

నాయనమ్మది దేవరకొండ దిక్కు మెట్ట.
కరువుల తవుడు పిడ్సలు తిని బతికిందంట,
ఆరుగురు పిల్లల్ల నాయిన ఒక్కడే దక్కిండంట.
ఆ ఇంట్ల సాలు అన్న మాట
ఎవలన్న ఎన్నడన్న పలికిండ్రా?
పలుకని మాట నా నెత్తురుకు ఎట్లొస్తది?
ఏమో, ఇది డాక్టరమ్మ చెప్పలే,
నేనే అనుకుంటున్న.

నిన్న రాత్రి బండ్లు లేని యాల్లకు
చెప్పులిడిసి నేనే ఎక్కిన కాంటా మీదికి,
అరవై టన్నుల ఇనుప పలక నడుమకు.
తొంబై అన్నది.
పది కిలోల కింద లెక్క తెల్వదు దానికి,
మంచి కాంటా.
లోపలికొచ్చి చీటీ రాసిన.
బండి నంబరు కాడ బక్కమ్మ. లోడు తొంబై.
ఖాళీ బరువు కాడ పెన్ను ఆగింది.
ఆకలిని దించి ఎన్నడన్న నిలవడితే గద.

అంతల వడ్ల లారీ వచ్చి హారన్ కొట్టింది.
చీటీ మడిచి
సైదులు మరిచిపోయిన టిఫిను డబ్బ కింద వెట్టిన.
బరువుగనే ఉన్నది డబ్బ.