పన్నెండో నంబరు

సీజను మొత్తంల నేనాడింది
సున్నా నిమిషాలు.
రాసుకోండ్రి, లెక్క తప్పు కాదు.

జూలైల ఎలియాజరు సారు మమ్ముల వరుసకు నిలబెట్టి ఎంచిండు:
పద్నాలుగు మంది, తొమ్మిది జతల బూట్లు,
ఒక్క జత గ్లౌజులు.
గ్లౌజులు నావి.
సుల్తాన్ బజార్ల మా అక్క కొనిచ్చినవి,
మొదటి జీతం పైసలతోని.
చేతులు మాత్రం హర్దీత్‌వి మంచిగుండె.
"ఇయ్యిరా" అన్నడు సారు.
ఇచ్చిన.

మా గ్రౌండుల గడ్డి ఒక్క మూలకే మొలుస్తది,
కార్నర్ జెండా కాడ, నల్లా పైపు పగిలిన చోట.
మిగతాదంత మొరం.
మోకాళ్లకు అయోడిన్ రాసుడు నా పని,
బాలు మోరిల పడితే దిగుడు నా పని,
అవతలి టీమోళ్లు తిడితే మళ్ల తిట్టుడు గూడ.
అదైతే మస్తు చేసిన, ఎవరినన్న అడగుండ్రి.

మొదటి మ్యాచ్ ఓడినం, నాలుగు సున్నా.
గెలిచిన బోయిన్‌పల్లి పిలగాండ్లు
మాకు చాయ్ తాపి పంపిండ్రు, అంత జాలిపడ్డరు.
ఆ చాయే గొంతుల అడ్డం పడ్డదో ఏమో,
మళ్ల ఓడలే.
లచ్చిరాం ఎడమ పక్కన ఉరికితే
డిఫెండర్లకు వాని దుమ్మే దక్కేది.
మల్సూరు అరుపు మెహదీపట్నం దాకా పోయేది.
వాన పడ్డనాడు ఒక్కటే గోలు,
అది ఎవని మోకాలికి తగిలి పోయిందో
ఇప్పటికీ పంచాదే.

సెమీఫైనల్ రోజాల నెలల వచ్చింది.
బార్కస్ సాలెహ్ పొద్దంత గుటక నీళ్లు ముట్టకుండ
బ్యాకుల గోడ లెక్క నిలబడ్డడు.
మగ్రిబ్ అజాన్ వినంగనే
త్రో వెయ్యబోతున్న అవతలి పిలగాడు
బాలు కింద పెట్టిండు.
రెఫ్రీ బూటు లేసు కట్టుకునుడు మొదలువెట్టిండు.
నేను ఖర్జూరం పట్టుకొని ఉరికిన.
సీజనంతల గీత దాటి లోపల కాలుపెట్టింది
అదొక్కపారే.

ఫైనల్ సంగతి పేపర్ల మూడు లైన్లొచ్చింది.
అండ్ల రాయనిది చెప్త:
ఆఖరి నిమిషంల కుడి మూలకు పోతున్న బాలును
హర్దీత్ వేలి కొసతోని తోసిండు.
ఆ కొసకు మా అక్క కుట్టిన నల్లదారం ఉన్నది.
అందరు ఉరికి వాని మీద పడ్డరు.
నేను దారం తెగిందా అని చూసిన.

తిరుగు బస్సుల కాళ్లు చాపి అందరు పడుకున్నరు.
కప్పు నా ఒళ్లె పెట్టిండ్రు.
"అలిసిపోనోనివి నువ్వే గదరా, పట్టుకో."
నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

కండక్టరమ్మ వచ్చింది.
"దీనికి లగేజీ టికెట్ కొట్టాల్నా?" అన్నది.
కప్పు మీద రాసింది వేలు పెట్టి చదివింది,
చిల్లర సంచి సర్దుకొని
"నువ్వేం ఆడతవ్ బిడ్డా?" అన్నది.

మల్సూరు ఒక కన్ను తెరిచిండు.
గ్లౌజులు నా చేతులకున్నయి,
లోపల ఇంక తడిగ, ఇంక వెచ్చగ.
ఆ వేడి నాది గాదు.

"గోల్‌కీపర్‌ని" అన్న.

బస్సుల ఎవ్వడు కాదనలే.