పదిమంది కావాల్సిన పేజీ

శుక్రవారం పొద్దు గూకక ముందే
రేణిగుంట రైల్వే కాలనీకి పోతాను, స్కూటీ మీద.
హిందీ టీచర్ని. రిటైరై రెండేళ్లు.
గార్డు దివేకర్ గారికి చూపు పోయి మూడేళ్లు.

ఆయన ప్రార్థన పుస్తకంలో కుడిపక్క హీబ్రూ,
ఎడమపక్క అవే పలుకులు నాగరి లిపిలో.
నాకు తెలిసింది ఆ ఎడమపక్కే.

చెప్పులు గడప బయట విడిస్తే
"అక్కర్లేదమ్మా" అంటాడు.
నాకు అక్కర.
కొంగు తలమీదికి కప్పుకోవాలా అని మొదటి రోజే అడిగా.
"ఫ్యాను కింద కూర్చో, చాలు."

ఖ కాదు, హ కాదు,
గొంతులో చేపముల్లు దిగినట్టు ఒక శబ్దం.
ముప్పయ్యేళ్లు పిల్లకాయల ఒత్తులు దిద్దినదాన్ని,
ఆయన చేతికర్ర గచ్చు మీద టక్కుమంటే
వాక్యం మొదటికొస్తాను.

నాలుగక్షరాల ఆ పేరు వచ్చినచోట
ఉన్నది పలకరంట, బదులుగా ఇంకో మాట.
"మా అమ్మా మా నాయన పేరు ఇట్నే దాటేసేది" అన్నాను.
చాలాసేపు నవ్వి,
"భయమా, ప్రేమా?" అన్నాడు.
ఏమో.

స్టేషన్లో ఎవరో గోవిందా అని గొంతెత్తితే
వేలు పైకెత్తుతాడు:
"ఆగు. వాళ్లది కానీ."

'ఎలోహేను' అంటే మన దేవుడా, మా దేవుడా?
హీబ్రూలో రెంటికీ ఒకటే మాటంట.
నేను చెప్పిన హిందీలోనూ అంతే.
తెలుగు మాత్రం ఊరుకోదు.
'మన' అంటే చొరబడినట్టు,
'మా' అంటే ఎత్తుకుపోయినట్టు,
'మీ' అంటే వాకిట్లోనే నిలబడిపోయినట్టు.
"మరాఠీలో మాకూ ఆ తకరారుంది.
నువ్వు గొంతియ్యి, మిగతాది నేను చూసుకుంటా."
అందుకే ఆమెన్ నేననను.
అది ఆయన వంతు.

నిన్న సెగులాబాయి పోయిన తిథి.
నేను పేజీ తిప్పిన చప్పుడుకే పోల్చుకున్నాడు.
"అది చదవద్దమ్మా. పదిమంది ఉండాల.
ఈ ఊళ్లో నేనొక్కణ్నే.
నేనూ చదవను."

దాటేసి పోవడానికి చెయ్యి రాలా.
పెదవి కదపకుండా
పుస్తకం ఒళ్లో తెరిచి పట్టుకొని కూర్చున్నా.

బయట గూడ్సు పోతా ఉండాది.
పాత అలవాటు, వేళ్ల మీద పెట్టెలు లెక్కేస్తా ఉన్నాడు.
పది దాటినా ఆపలా.
ఆఖరి పెట్టె పోయి, పట్టాల మోత అణిగినాక
"ఇప్పుడు తిప్పమ్మా" అన్నాడు.