తనిఖీకి ముందు శనివారం

మంగళవారం ఎనిమిదిన్నరకి కారు తనిఖీ.
గ్యారేజీ వాళ్ళు కాగితం మీద రాసిచ్చిన అంకె
ఆరు వందల నలభై యూరోలు.
గడగడమంటోంది కాబట్టి సైలెన్సరు మొత్తం మార్చాలట.
ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకి మందులిచ్చే నర్సుని,
నా జీతం ఆ పొగగొట్టంలోంచే పోయేలా ఉంది.

కాగితం తీసుకెళ్ళి పక్కింటి తైస్తోకి చూపించాను.
ముప్పై ఏళ్ళు దుంగల లారీలు బాగుచేసిన మనిషి.
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చదివి
"తలనొప్పికి తల మార్చమన్నట్టుంది" అన్నాడు.
"ముందు కడుగు.
బురద కారుని చూస్తే
తనిఖీవాడికి సుత్తి కంటే ముందు అనుమానం లేస్తుంది."

ఏప్రిల్ నెల.
సొత్కమో సరస్సు మీద మంచు ఇంకా బూడిదరంగులో కూర్చునే ఉంది.
చక్రాల గూళ్ళలోకి నీళ్ళు కొడితే
అయిదు నెలల రోడ్డు ఉప్పు తెల్లగా కారింది.
ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉంటుందంటారు,
ఉప్పు తిన్న ఇనుముకి ఉండేది తుప్పే.

డిక్కీ ఖాళీ చేశాను:
చేతితొడుగుల పెట్టెలు, బీపీ యంత్రం పాత పట్టీ,
ఎవరింటిదో తెలియని ఎడమకాలి చెప్పు,
అన్నిటికీ అడుగున, పారేసుకున్నాననుకున్న
ఎర్ర త్రికోణం.
"పన్నెండు యూరోలు మిగిలాయి" తైస్తో నాకంటే సంబరపడ్డాడు.

నేను లోపల, అతను వెనకాల.
బ్రేకు. ఆఁ.
ఎడమ. ఆఁ.
కుడి.
కుడి అంటున్నానా!
వేశాను తైస్తో, వేసే ఉంది.
నంబరు పలక మీది దీపం కూడా ఎన్నాళ్ళ క్రితం పోయిందో,
ఎవరి వీపు వాళ్ళకి కనబడదు కదా.
రెండు బల్బులు, పర్సు అడుగున దొరికిన చిల్లర.

హారన్ నొక్కితే పిల్లి తుమ్మినట్టయింది.
చివరిసారి ఎప్పుడు కొట్టావన్నాడు.
ఈ అడవి దారుల్లో ఎవరి మీద కొట్టను?
తీగ కొసన పచ్చగా చిలుము.
గరుకు కాగితంతో గీకాడు.
కారు ఒక్క అరుపు అరిచింది,
ఆ చివరింటి కుక్క జవాబిచ్చింది.

ఇక ఆ గడగడ.
అట్టముక్క పరిచి, మోకాళ్ళని తిట్టుకుంటూ కిందికి దూరాడు.
చాలాసేపు నాకు కనబడింది రెండు బూట్లే.
"సైలెన్సరుకేం, నా కంటే గట్టిగా ఉంది.
వేడి ఆపే రేకు ఇది. బోల్టు తుప్పుపట్టి ఊడింది,
ఊగి ఊగి గొట్టాన్ని కొడుతోంది."
జేబులోంచి ఇనుప పట్టీ ఒకటి తీసి బిగించాడు.
దాని ఖరీదు మూడు యూరోలు. అవీ తీసుకోలేదు.
రెండు కప్పుల కాఫీ తాగాడు, మూడోది అడిగాడు.

మంగళవారం అరగంట ముందే బయల్దేరి
ఇంజను వేడెక్కేదాకా హైవే మీద తిప్పాను.
చల్లటి ఇంజను పొగ పరీక్షలో అబద్ధమాడుతుందట.
తనిఖీ చేసింది పాతికేళ్ళ పిల్ల.
కింద నిలబడి సుత్తితో టకటకా తడుతుంటే
నేను నాడి పట్టుకున్నప్పుడు వాళ్ళు నా ముఖంలోకి చూసినట్టే
నేను ఆ పిల్ల ముఖంలోకి చూశాను.
"పాసు. ఎడమ అంచు మీద కన్నేసి ఉంచండి,
వచ్చే ఏడాదికి చిల్లు పడొచ్చు."
వచ్చే ఏడాది సంగతి కదా.

అట్నుంచి అటే హిల్యా ఇంటికి.
తొంభై ఒకటో ఏడు, చూపు దాదాపు లేదు.
రోజూ నేను మలుపు తిరిగేసరికే
తలుపు తీసి కర్ర పట్టుకు నిలబడేది.
ఇవాళ తలుపు వేసే ఉంది.
కారు తాళం కూడా తియ్యకుండా పరుగెత్తాను.

రేడియో వింటోంది.
బల్ల మీద రెండు రోజుల మాత్రలు ఒకే కుప్పగా పోసి ఉన్నాయి.
"ఎవరూ?"
"నేనే."
"నువ్వయితే గడగడ ఏదీ?
ఇక రావనుకుని నేనే వేసుకోబోయాను."

మాత్రలు ఏరి డబ్బాలో సర్దాను.
రేపట్నుంచి మలుపులో హారన్ కొడతానన్నాను.
"రెండుసార్లు కొట్టు" అంది,
"ఒకసారైతే పోస్టువాడు."